గాటు పడ్డ కంచం

పెద్దమ్మ పోయిందని నంద్యాల ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేటప్పటికి నేను పొయ్యి ముందు నిలబడి సంగటి కెలుకుతున్నాను. రాగిపిండి పోశాక తెడ్డు ఆపితే ఉండలు కడుతుంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, వింటూనే కెలికాను. లోపల హాల్లో ఆకలితో కాచుకుని ఉన్నారు. చేతులు లేనివాళ్లు, కాళ్లు లేనివాళ్లు, మాట రానివాళ్లు. ముద్దలు చేసి, అందరికీ పెట్టి, ఆ తర్వాత సామాన్ల గదిలోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చాను. పెద్దమ్మ ఉంటే, "కూడు పెట్టినాక ఏడ్సు మే, ముందే ఏడిస్తే ఉప్పెక్కువైతాది" అని ఉండేది.

నేను పదో తరగతి వరకే చదివాను. శనివారం ఒక్కపొద్దు ఉండి అహోబిలం స్వామి నామం రాసుకోవడానికి తప్ప పెన్ను పట్టిందాన్ని కాదు. ఆళ్లగడ్డ బయట, నంద్యాల రోడ్డు మీద, రాతి విగ్రహాలు చెక్కే షెడ్లకు ఎదురుగా ఉన్న ఈ వికలాంగుల ఆశ్రమంలో వంట నాది. మా ఆయన ఎదురు షెడ్లోనే ఉలి పట్టుకుని బతుకుతున్నాడు. ఇక్కడే ఉంటూ మేమందరం పెద్దమ్మ అని పిలిచిన ఆమె పోయిన వారానికి హాల్లో సంతాప సభ పెట్టారు. ఆమె ఫోటోకి దండ వేశారు. ఒక పెద్దమనిషి మైకు ముందు నిలబడి, "ఆమె శాంతమూర్తి. తనకు అన్యాయం చేసినవాళ్లను సైతం క్షమించిన తల్లి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నా గొంతు పదిమందిలో పైకి లేవదు. ఎప్పుడూ లేవలేదు.

పెద్దమ్మ ఎవర్నీ క్షమించలేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె చేసిన పని ఇంకొకటి ఉంది. అది సభలో చెప్పేది కాదు. అట్లని నాతోనే పోనివ్వడానికీ మనసు ఒప్పలేదు. అందుకే ఈ వయసులో కాగితం ముందు కూర్చున్నాను. ఇది చదివేది ఎవరో నాకు తెలియదు. నా తర్వాత ఈ వంటింట్లోకి వచ్చే మనిషి కావచ్చు. మీకోసమే రాస్తున్నాను అనుకోండి.

ఆమె శాంతమూర్తి ఎట్లా అవుతుంది? ఆమెకు కుడిచెయ్యి మోచేతి కింద నుంచి లేదు. ఎడమ మోకాలి వెనక నరం తెగి, కట్టె ఊతం లేకుండా నడవలేదు. ఆ కట్టెతో నడిచినంతగా కొట్టింది కూడా. కొత్తపల్లె వైపు నుంచి ఒక మూగపిల్ల మా ఆశ్రమానికి వచ్చింది. దాని మేనమామ తాగి వచ్చి, గేటు దగ్గర ఆ పిల్ల జుట్టు పట్టుకుని చెంపలు వాయించాడు. మేమందరం "వద్దప్పా, వద్దప్పా" అని చేతులు అడ్డం పెట్టాం. పెద్దమ్మ మాట్లాడకుండా కుంటుకుంటూ వచ్చి, నీళ్ల చెంబుతో అతని నెత్తి మీద ఒకటి వేసింది. రక్తం కళ్లలోకి కారింది.

"పోలీసు కేసు పెడ్తా" అన్నాడు వాడు.

"పోయి పెట్టుకో. చెయ్యి లేని ముసల్ది కొట్టిందని రాయించు. రాసేటోడు నగతాంటే నువ్వూ నగు" అంది.

వాడు మళ్లీ రాలేదు. మూగపిల్ల ఆ రోజు నుంచి ఆమె మంచం పక్కనే చాప వేసుకుని పడుకునేది. పెద్దమ్మ ఒక చేత్తో, పళ్లతో ఆ పిల్లకు జడ వేసేది. రిబ్బను ఒక కొస పళ్ల మధ్య పట్టుకుని, రెండో కొస వేళ్లతో తిప్పి, మెడ విదిలించి ముడి బిగించేది. ఆ జడ సాయంత్రం దాకా వదులయ్యేది కాదు.

ఎడమచెయ్యి లేని ఆడమనిషి ఇంకొకామె ఉంది మా దగ్గర. చాగలమర్రి నుంచి గాజులమ్మే సాయిబు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి ఒక జత తీసుకునేవాళ్లు. ఎడమచేతివి పెద్దమ్మకు, కుడిచేతివి ఆమెకు. "మేమిద్దరం గల్సి ఒక ఆడది అన్నా, సరిగా ఎక్కించు" అనేది ఆయనతో. ఆయన తల వంచుకుని నవ్వేవాడు.

భర్త లేనిది గాజులేంది అని ఎవరో అడిగితే ఆమె చెప్పిన మాట నేను మర్చిపోలేను. "నా కుడిచేతి గాజులు చేత్తో పాటే పోయినాయి. ఎడమచేతివి పగలగొట్టేకి ఊరి ఆడోళ్లు రాయి తీసుకోనొచ్చిరి. వాళ్లు పోగొట్టింది సాలదా, మీరొకరా అని ముట్టనీలేదు."

చెయ్యి పోయిన రోజు జరిగింది ఆమె నాకు చింతపండు పిసుకుతూ ఒకసారి, బియ్యం ఏరుతూ ఒకసారి, ముక్కలు ముక్కలుగా చెప్పింది. వాళ్ల ఊళ్లో రెండు గుంపులు. ఆమె, భర్త, తమ్ముడు పొలం నుంచి బండి మీద వస్తుంటే అవతలి గుంపువాళ్లు కంది చేలోంచి లేచారు. ముందు బాంబు పడింది. ఎద్దు ఒకటి అక్కడే కూలింది. భర్తను బండి మీదే నరికారు. తమ్ముడు దిగి పరిగెత్తబోయి పడిపోయాడు. ఆమె తమ్ముడి మీద బోర్లా పడింది. కొడవలి ఎత్తినవాడి చెయ్యి దొరకబుచ్చుకుని, మణికట్టు కొరికి పట్టుకుంది. ఇంకొకడు మోకాలి వెనక వేశాడు. పట్టు వదిలింది. అప్పుడు ఆ మణికట్టువాడే ఆమె చెయ్యి తీసేశాడు. తర్వాత తమ్ముడి గొంతు మీద కాలు పెట్టాడు. ఆ మాట దగ్గర ఆమె ఆగేది. బియ్యంలో రాయి దొరికినట్టు దూరంగా విసిరేసి, మళ్లీ ఏరేది.

తమ్ముడి కొడుకు అప్పుడు ఉయ్యాలలో ఉన్నాడు. తల్లి ఏడాది తిరక్కుండానే దిగులుతో పోయింది. పెద్దమ్మే సాకింది. ఆ వైపు పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. చచ్చినవాడి రక్తం చొక్కా పెట్టెలో దాచి, కొడుక్కి మీసం వచ్చినాక చూపిస్తారు. ఆ చొక్కా పెద్దమ్మ చేతికిచ్చారు. ఆమె బాయి దగ్గర దాన్ని ఒక చేత్తో ఉతికి, చింపి, ఆ పిల్లోనికే పొత్తిగుడ్డలు చేసింది. "ఊరు ఊరంతా నా మొగాన ఉమ్మినారు మే. ఉమ్మనీ. గుడ్డలు మాత్రం మెత్తగా వచ్చినాయి."

అందుకే చెబుతున్నాను. ఆమెకు కోపం లేక కాదు. ఆమెకు ఉన్న కోరిక ఒకటే. తన తమ్ముడి కొడుకు చేతిలోకి కొడవలి రాకూడదు. వాడు పెరిగాడు, ట్రాక్టరు నడిపాడు, పెళ్లి చేసుకున్నాడు, ఆడపిల్ల పుట్టింది. మోకాలు బొత్తిగా పనిచెయ్యని రోజులు వచ్చాక పెద్దమ్మ తనంతట తానే ఈ ఆశ్రమానికి వచ్చింది. "కోడలికి నా నోరు పడలే, నాకు దాని పులుసు పడలే" అని నవ్వేది. ప్రతి ఆదివారం మేనల్లుడు బైకు మీద వచ్చి చూసి పోయేవాడు.

పోయిన ఎండాకాలంలో మగవాళ్ల వరండా చివర మూల మంచానికి ఒకాయన వచ్చాడు. జైలుకు పోయి వచ్చినవాడట. ఎవరికోసం పోయాడో వాళ్లు మళ్లీ మొహం చూడలేదట. ఎక్కడో మిద్దె మీద నుంచి పడి నడుము విరిగింది. కాళ్లు రెండూ చచ్చుబడి, చేతులు వణికేవి. పేరు ఏదో చెప్పాడు. అది ఆయన పేరు కాదని తర్వాత తెలిసింది. నేను తడిగుడ్డతో ఆయన ఒళ్లు తుడుస్తుంటే పెద్దమ్మ నీళ్ల బకెట్టు పక్కన కూర్చుని ఉంది. ఆయన కుడి మణికట్టు మీద అర్ధచంద్రంలా మచ్చ. ఆ మచ్చ మధ్యలో ఒకచోట ఖాళీ.

పెద్దమ్మ పైపళ్లలో ముందుది ఒకటి చిన్నప్పుడే రోకలి తగిలి ఊడిపోయింది.

ఆమె ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఆయన మొహం చూసింది. ఆయన ఆమె తెగిన చెయ్యి చూశాడు. నా చేతిలో గుడ్డ నీళ్లు కారుతూనే ఉంది.

వంటింట్లోకి వచ్చి ఆ మణికట్టువాడు ఇతనేనని నాకు చెప్పింది. "ఆశ్రమం సారుకు చెప్పి ఎక్కడికైనా పంపిద్దాం పెద్దమ్మా" అన్నాను.

"యాడికి పంపినా మావోనికి తెలిస్తే ఎతుక్కుంటా పోతాడు. ఈడ నా కండ్ల ముందర ఉంటే నాకు తెలుస్తాది."

"మరి నీకు..."

"నాకా? పొద్దున్నే లేస్తూనే వాని గొంతు పిసకాలనిపిస్తాది. ఒక చేత్తో అయ్యేదేనా అని సూసుకుంటాండా" అంది. అది తమాషాకు అన్నదో నిజంగా అన్నదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ పూట నేను స్వామి పటం ముందు దీపం పెట్టి, ఆ ఉగ్రరూపం మొహంలోకి చూడలేక పాదాలే చూశాను.

రెండు రోజులు ఆమె ఏమీ తినలేదు. మూడో రోజు ఒక పాత సత్తు కంచం వెతికి తీసింది. అందులో పెద్ద సంగటి ముద్ద పెట్టించుకుని, మధ్యలో గుంట చేసి పప్పు పోయించుకుని, మూల మంచం దగ్గరికి పోయింది. ఆయనకు ఎడమచేత్తో తినిపించింది. తినిపించడం అంటే ముద్ద నోట్లో కుక్కడమే. "మింగు. నువ్వు అప్పుడే సావొద్దు. నాకు పనుంది నీతో" అనేది. ఆయన కళ్లనీళ్లతో మింగేవాడు. ఒకసారి "నన్ను సంపేయమ్మా" అన్నాడు. "నీ ఇష్టం ఎవురూ అడగలే" అంది.

ఆదివారం మేనల్లుడు వచ్చాడు. పెద్దమ్మ అతన్ని ఆ మంచం పక్కనే కూర్చోబెట్టి, అదే కంచం ముందు పెట్టింది. ఒకవైపు నుంచి ఆయనకు తను తినిపిస్తూ, "ఇంకోవైపు నువ్వు తిను, ముద్ద పెద్దదైంది" అంది. అతను ఏ అనుమానం లేకుండా తిన్నాడు. మళ్లీ ఆదివారం అంతే. ఆ తర్వాతా అంతే. చూసినవాళ్లు ఆమెది బంగారు మనసన్నారు. నేనూ ఒకరోజు అదే మాట అంటే నా మీద మండిపడింది.

"బంగారం గింగారం అనాకు. మా పక్క ఎంత పగ ఉండనీ, ఒక్క కంచంలో తిన్నోని మింద చెయ్యెత్తరు. ఎత్తినోన్ని సొంత గుంపోల్లే గడప తొక్కనీరు. ఇంట్లో ఆడోళ్లు నీళ్లు గూడా పొయ్యరు. మావోనికి ఎవడో ఒకడు ఎప్పుడో ఒకప్పుడు చెప్తాడు. ఆ లోపల వాని చెయ్యి కట్టేస్తాండా."

"మరి నువ్వు ఆ కంచంలో తినవేం?"

"నేను తింటే నా చెయ్యి గూడా కట్టేసుకున్నట్లే గదా మే. ఉండేదే ఒకటి."

నిజంగానే, ఆమె ఆ కంచంలోది ఒక్క మెతుకు నోట్లో వేసుకోలేదు. వేలికి అంటింది కూడా నాకకుండా కడుక్కునేది.

వానలు వెనకపట్టాక ఒక శనివారం మధ్యాహ్నం. ఆదివారం కాని రోజు బైకు చప్పుడు వినగానే పెద్దమ్మ తల ఎత్తింది. చాగలమర్రి టీ అంగట్లో ఎవరో చెప్పారట, ఫలానావాడు మీ అత్త ఉండే చోటే ఉన్నాడని. మేనల్లుడు గోనెసంచిలో చుట్టింది ఏదో చంకలో పెట్టుకుని మెట్లెక్కుతున్నాడు. నేను అడ్డం పోయాను. "ఏంది నాయనా, యాళగాని యాళ..." అన్నాను. అతను నన్ను పక్కకు నెట్టాడు. మెట్టు మీద పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. సంచి నా పక్కన పడింది. కొడవలి అతని చేతిలో ఉంది. వరండాలో నడవలేనివాళ్లు మంచాల మీద నుంచి కింద పడి పాకుతున్నారు. మూగపిల్ల గోడకు అతుక్కుని నోరు తెరిచింది, శబ్దం రాలేదు. ఎదురు షెడ్లలో ఉలి దెబ్బలు మాత్రం ఆగలేదు. వాళ్లకు వినపడలేదు.

మూల మంచం ఆయన కదలలేడు. మంచం కింద తడి పారింది. పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని అప్పుడే ముద్ద కలుపుతోంది.

"జరుగత్తా."

"జరుగుతా. సంగటి సల్లారుతాంది. తిని నరుకు."

"వీడెవడో నీకు తెల్సా?"

"నాకు తెలీకుంటే ఎవరికి తెలుస్తాదిరా? నా చెయ్యి తీసినోడు. మీ నాయన గొంతు మింద కాలు పెట్టినోడు."

అతని గొంతు పగిలింది. "తెల్సీ కూడు పెడ్తాండావా?"

"నీకూ పెడ్తి గదా. ఒకే కంచంలో. ఎండాకాలం నుంచి తింటాండావు, యాదిలేదా?"

అతను కంచం చూశాడు. ఆయన నోటి అంచున అంటుకున్న సంగటి చూశాడు. ఒక్కసారి వంగి, గొంతులో వేళ్లు పెట్టుకుని కక్కబోయాడు. పసరు తప్ప ఏమీ రాలేదు. కళ్లు ఎర్రబడి, దగ్గుతూ, మళ్లీ వేళ్లు పెట్టుకున్నాడు.

"కక్కు. ఇన్ని నెల్ల కూడు యాడనుంచి కక్కుతావు? నెత్తురైపోయింటాది" అంది పెద్దమ్మ. గొంతు పెంచలేదు.

అతను అరిచాడు. అది మాట కాదు. కొడవలి ఎత్తి దించాడు. నేను కళ్లు మూసుకున్నాను. స్వామీ అన్నానో అనలేదో. ఇనుము మీద ఇనుము పడ్డట్టు చప్పుడైంది. కళ్లు తెరిస్తే సంగటి గోడకు అంటుకుని జారుతోంది. పెద్దమ్మ చెంప మీద పప్పు. కంచం అంచు చీలి, లోపలి దాకా గాటు పడింది. ఆ గాటుకు అవతల, రెండు వేళ్ల దూరంలో, మూల మంచం ఆయన మెడ.

పెద్దమ్మ కొంగుతో చెంప తుడుచుకుంది.

"కంచాన్ని నరికినావు. సాలు. ఇంటికి పో, పాప ఎదురుసూస్తాంటాది."

అతను కొడవలి అక్కడే వదిలేసి పోయాడు. బైకు తీసుకుపోవడం కూడా మర్చిపోయి నడిచి పోయాడు. మా ఆయన ఆ కొడవలిని పైగుడ్డలో చుట్టి తీసుకుపోయి కేసీ కాలవలో వదిలి వచ్చాడు. సారు పక్క ఊరికి పోయి ఉన్నాడు. ఏమీ జరగలేదనే చెప్పాం. అక్కడ ఉన్నవాళ్లలో సగం మందికి మాట రాదు, మాట వచ్చినవాళ్లు చెప్పలేదు.

ఆ సాయంత్రమే పెద్దమ్మకు వణుకు మొదలైంది. అంతసేపూ ఎక్కడ దాచిందో ఆ వణుకు. దుప్పట్లు కప్పినా ఆగలేదు. "బిడ్డ చెయ్యి ఎత్తినాడు మే. ఎత్తినాడు సూసినావా? చిన్నప్పుడు ఆ చెయ్యి నా ఏలు పట్టుకోని నడ్సేది" అంటూ ఉండిపోయింది. ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

అతను తర్వాత ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పెద్దమ్మ మాత్రం ప్రతి ఆదివారం ఆ కంచంలోనే ముద్ద పెట్టించుకుని, ఒకవైపు నుంచి ఆయనకు తినిపించి, రెండోవైపు అట్లాగే ఉంచేది. గాటు ఉన్న వైపు పప్పు కారిపోకుండా సంగటితో మెత్తేది. చలి ముదిరాక ఆమెకు జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు పట్టింది. నంద్యాలకు తీసుకుపోయే ఆటో ఎక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. నా కోసం ఏదైనా చెబుతుందేమో అనుకున్నాను.

"కంచం జాగర్త" అంది. అంతే.

దినాలు అయిపోయాక వచ్చిన ఆదివారం మేనల్లుడు వచ్చాడు. గుండు చేయించుకున్న నెత్తి. చేతిలో ఏమీ లేదు. అయినా నేను చేతిలోని తెడ్డు దించలేదు. ఆమె కళ్లు ఇప్పుడు లేవు, ఆమె గొంతు లేదు. అతను ఎవరితోనూ మాట్లాడకుండా వంటింట్లోకి వచ్చి, అటక మీది సత్తు కంచం తీసి నా ముందు పెట్టాడు.

"పెట్టక్కా" అన్నాడు.

పెట్టాను. ముద్ద చేసి, మధ్యలో గుంట చేసి, పప్పు పోశాను. అతను దాన్ని మూల మంచం దగ్గరికి తీసుకుపోయి కూర్చున్నాడు. మూల మంచం ఆయన గోడవైపు మొహం తిప్పుకున్నాడు. పెద్దమ్మ పోయినప్పటి నుంచి ఆయన సరిగా నోరు తెరవడం లేదు. నేను ఒకవైపు నుంచి ఆయనకు తినిపించాను. రెండోవైపు నుంచి అతను తిన్నాడు. ఆయన వైపు ఒక్కసారి కూడా చూడలేదు. దవడలు బిగించి, రాయి నమిలినట్టు నమిలాడు.

లేచి చేతులు కడుక్కుంటుంటే నీళ్లు పోశాను. "నీకు వాడి మీద కోపం పోయిందా నాయనా?" అని మెల్లగా అడిగాను.

"పోలేదక్కా. నా చెయ్యి మీద నాకు ఇంకా నమ్మకం కుదరలే. అందుకే వచ్చి తింటాండా."

ఇప్పటికీ ఆదివారం వస్తాడు. ఈ మధ్య పాపను కూడా తీసుకొచ్చాడు. అది మూగపిల్ల చేత జడ వేయించుకుంటూ వరండాలో కూర్చుంటుంది. మూగపిల్ల రిబ్బను కొస పళ్ల మధ్య పట్టుకుని మెడ విదిలిస్తుంది.

అమ్మా, నా తర్వాత ఈ వంటింట్లోకి వచ్చే తల్లీ, అటక మీద ఒక సత్తు కంచం ఉంటుంది. అంచు చీలిందని పాతసామాన్లవాడికి వెయ్యొద్దు. ఆదివారం అందులో ముద్ద పెట్టు. వాళ్లిద్దరూ తినడం అయ్యాక చూడు. రెండువైపుల నుంచీ తరిగి తరిగి, మధ్యలో సంగటి పలచగా, చిన్న గోడలా నిలబడి ఉంటుంది. అది ఎవరూ తినరు. పెద్దమ్మ వంతు అనుకుని నేను కాకులకు వేస్తున్నాను.

ఈ కాగితాలు ఆ కంచం కిందే పెడుతున్నాను. కంచం వాడు. వీటిని దాచు. ఎవరికీ చూపొద్దు.